పరుపుల కొట్లో మధ్యాహ్నం

వీధిబడి చదువుతోనే మూడు కొట్లు నిలబెట్టినవాణ్ణి. కొనేవాళ్లెవరో, చూసిపోయేవాళ్లెవరో గుమ్మంలోనే చెప్పగలను. మా కోడలి పరుపుల కొట్టుకి రోజూ మధ్యాహ్నం వచ్చే రిటైరైన బస్సు డ్రైవరు చూసిపోయే రకమే. చెప్పులు విడిచి, పరుపును అరచేత్తో నిమిరి, వెల్లకిలా పడుకుని ఫోన్లో ధర వెతుకుతూనే, మబ్బు మీద తేలుతున్నట్టు నిద్రలోకి జారిపోతాడు. చివరికి అదే పరుపు ఆన్‌లైన్లో తెప్పించుకున్నాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు.

"పరుపు ఇంటికొచ్చేసిందిగా బాబాయ్, ఇంకా మా మీద పడ్డారేం?" అంది కోడలు.

"ఒక్కణ్ణే ఉంటానమ్మా. చడీచప్పుడూ లేని ఇంట్లో రాత్రంతా కన్ను మూతపడలేదు. ఇక్కడైతే మీ మాటలు వినిపిస్తుంటాయి," అన్నాడాయన, లేచిపొమ్మంటుందేమోనని పరుపు అంచునే కూర్చుని.

కోడలు తలగడ సర్ది పెట్టి, పరుపు కొనడానికొచ్చినావిడతో గొంతు కాస్త పెంచి మాట్లాడసాగింది.