అంగుళం మాట ఎత్తొద్దన్నాను

సెంట్రింగ్ కర్రలు కొట్టి ఊడదీసే చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు జల్లుమంటుంది. ఎవరింటి పనైనా సరే, రోడ్డు దాటి అవతలి వైపు నుంచి పోతాను. పిరికిదాన్నని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఆ రోజు ఆయన అక్కడ లేడు.

తొంభైల చివర, మాదాపూర్ బండల్ని పేల్చి ఆఫీసులు కడుతున్న కాలం. కాకినాడ నుంచి డిప్లొమా పట్టుకుని వచ్చి, కొత్తగూడలో గది కిరాయికి తీసుకుని, ఒక కంప్యూటర్ కంపెనీ భవనం పనిలో సైటు ఇంజనీరుగా చేరాను. ఇరవై రెండేళ్లు నాకు. ప్లాన్లన్నీ మిల్లీమీటర్లలో వచ్చేవి. పనివాళ్లేమో అడుగులు, అంగుళాలు తప్ప మరో లెక్క ఎరగరు. ఒకసారి పన్నెండు వందల మిల్లీమీటర్ల కిటికీకి నాలుగడుగుల ఖాళీ వదిలారు. రెండు సెంటీమీటర్లు ఎక్కువైంది, ఫ్రేము వదులైపోయింది. మా పెద్ద ఇంజనీరు నన్ను గదిలోకి పిలిచి, "ఇంకొక్కసారి ఈ అంగుళాల వల్ల తప్పు జరిగితే, మర్నాటి నుంచి మీరు రానక్కర్లేదండి" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో నాకు అంత వణుకు పుట్టింది.

ఆ వణుకంతా తీసుకెళ్లి పనివాళ్ల నెత్తిన రుద్దాను. పొద్దున్నే అందరి పాత టేపులూ లాక్కుని, సిమెంటు సంచిలో వేసి, స్టోరు గదిలో పెట్టి తాళం వేశాను. సెంటీమీటర్లు మాత్రమే ఉన్న కొత్త టేపులు పంచాను. "ఇవాళ్టి నుంచి అంగుళం మాట ఎత్తినవాళ్లు గేటు బయటికే!" అని అరిచాను. మా నాన్న వయసువాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు. నాకు సిగ్గెయ్యలేదు సరికదా, ధైర్యం వచ్చింది.

ఊచల పని చేసే మేస్త్రీది పాలమూరు వైపు. ఆయనకు యాభై ఉంటాయి. భార్యాభర్తలిద్దరూ కలిసే పని చేసేవాళ్లు. ఆమె టేపు ఒక చివర పట్టుకుంటే, ఆయన రెండో చివర గుర్తు పెట్టి కోసేవాడు. పాత టేపుల కొసలు అరిగిపోయి ఉండేవి. అందుకని ఆమె కొసను పట్టుకోకుండా ఒకటో అంకె దగ్గర పట్టుకునేది, ఆయన అవతల ఒకటి కలుపుకునేవాడు. నలభై ఎనిమిది అంగుళాలు కావాలంటే నలభై తొమ్మిది దగ్గర కోత. ఎన్నోసార్లు చూశాను. చూసి, భలే ఉపాయం అనుకున్నాను కూడా. అంతే, అంతకు మించి ఆలోచించలేదు.

ముందు గుమ్మం మీద సన్‌షేడ్‌కి నూట ఇరవై సెంటీమీటర్ల ఊచలు కావాలని చీటీ రాసిచ్చాను. కాంక్రీటు పోసే ముందు ఊచల మధ్య ఎడం కొలిచాను, ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. పొడవు మాత్రం కొలవలేదు.

రెండు వారాలయ్యాక ఒక ఉదయం, వెనకవైపు తుక్కు దగ్గర నిలబడ్డాను. పక్కన ఊచల ముక్కల కుప్ప. నా నడుమెత్తు ముక్కలు, అన్నీ ఒకే పొడవు. పన్నెండు మీటర్ల ఊచను నూట ఇరవై చొప్పున పది ముక్కలు చేస్తే మిగిలేది ఏముంటుంది? టేపు పెట్టాను. తొంభై సెంటీమీటర్లు. అంటే ఆ పది ముక్కల్లో ఒక్కొక్కటీ తొమ్మిది సెంటీమీటర్లు పొట్టి. దూలం లోపలిదాకా పోయి పట్టుకోవాల్సిన కొసలు అక్కడిదాకా పోనేలేదు.

అప్పుడే ముందువైపు నుంచి సుత్తి దెబ్బలు వినబడ్డాయి. సన్‌షేడ్ కింద ఆనించిన కర్రలు తీయమని నిన్న సాయంత్రం చెప్పింది నేనే.

ఓరి దేవుడో! ఎలా పరిగెత్తానో తెలియదు. మూడు కర్రలు అప్పటికే పడి ఉన్నాయి. మేస్త్రీ నాలుగోదాని మీద సుత్తి ఎత్తాడు. సరిగ్గా సన్‌షేడ్ కింద వంగి, ఊడిన చెక్కలు ఏరుకుంటోంది ఆయన భార్య. ఆమె చెయ్యి పట్టి బయటికి లాగేశాను. ఇద్దరం కంకర మీద పడ్డాం.

"ఏందమ్మా, గట్ల గుంజితివి? ఏమైంది?" అంది ఆమె, మోచెయ్యి తుడుచుకుంటూ.

ముందు కర్రలన్నీ మళ్లీ నిలబెట్టించాను. పైన, సన్‌షేడ్ గోడను కలిసేచోట, సన్నటి పగులు. కొత్త టేపు ఆమెకిచ్చి, ఎలా పట్టుకున్నారో చూపించమన్నాను. కొసను వదిలేసి, మొదట కనబడే పెద్ద ఎర్ర అంకె దగ్గర వేలు పెట్టింది. పది. అవతల మేస్త్రీ, అలవాటుగా, ఒక్కటే కలుపుకుని నూట ఇరవై ఒకటి దగ్గర గుర్తు పెట్టాడు.

"కట్టేటప్పుడైనా పొట్టిగా ఉన్నాయని తెలియలేదా మేస్త్రీ?" అన్నాను. ఏడుపు ఆగడం లేదు నాకు.

ఆయన భార్య వైపు చూశాడు. తర్వాత గేటు వైపు చూశాడు.

"ఎందుకు తెల్వదు మేడం? మూడున్నర అంగుళాలు తక్కువున్నయని చూడంగనే తెలిసింది. కొత్త లెక్క గదా, గిట్లనే ఉంటదేమో అనుకున్న. అడుగుదామనే వచ్చిన మీ దగ్గరికి. కానీ మీ లెక్కల ఎట్ల చెప్పాల్నో నాకు రాకపాయె. మా లెక్కల చెప్తే గేటు బయటికే అంటిరి."