చల్లారని మంచం

ఆ రోజుల్లో శంషాబాద్‌లోని మా ఇరుకు గదిలో క్రిమికీ మనిషికీ మధ్య ఒక మహాసంగ్రామం జరిగింది. పర్వాలు పర్వాలుగా చెప్పాలి. నిజానికి అంత లేదు, అది ఒక మంచం సంగతి. (పర్వం కూడా ఒకటే, అందులో నాయకుడు ముక్కు తుడుచుకుంటూ ఉంటాడు.) విమానాశ్రయంలో నాకు రాత్రి డ్యూటీ, బావకు పగలు. బావ అంటే చుట్టం కాదు, కనబడిన ప్రతివాణ్నీ అలా పిలిచేవాడు కాబట్టి మేమూ అతన్ని అలాగే పిలిచేవాళ్లం. నేను వచ్చేసరికి అతను లేచేవాడు, అతను వచ్చేసరికి నేను. ఇద్దరికీ ఒకటే మంచం, దిండు చల్లారిన పాపాన పోలేదు. రెండో మంచం డాక్టర్‌ది. సూక్ష్మజీవుల మీద పెద్ద చదువు చదివి, సరుకు పెట్టెలకు చీటీలు అంటించే ఉద్యోగంలో కుదురుకున్నవాడు.

ఒక పొద్దున నేను వచ్చేసరికి బావ ఇంకా మంచం మీదే ఉన్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది, ఒకటే దగ్గు. ఉద్యోగం పర్మనెంట్ అయ్యే వారం అది. "పోకుంటే తీసేస్తరు బావా" అంటూ బూట్ల కోసం వెతుకుతున్నాడు, దుప్పటి కింద.

డాక్టర్ కుర్చీని కిటికీ దాకా జరుపుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. "జలుబు క్రిమికి మనం నడవాలె. మనల్ని పడగొడితే దానికి ఇంకో మనిషి దొరకడు. గందుకే మెల్లగున్నవే మిగిలినయ్. గీ గదిల ఏముంది? ఒకడు లేస్తడు, గదే దిండు మీద ఇంకొకడు పంటడు. ఇగ మనల్ని నడిపించే పరేషాన్ దానికెందుకు? తుక్కుగూడ నుంచి బుద్వేల్ దాకా గిసొంటి గదులే ఉన్నయనుకో, తరాలు మారంగ మారంగ మనిషిని మంచాన పడేసే క్రిములే ఎక్కువైతయ్."

"అన్నా, నీ క్రిమి లెక్క తప్పింది. బావ లేస్తెనే గద నేను పండేది? నేను నేల మీద పంటున్న."

డాక్టర్, బావకోసం నేను కాచి తెచ్చిన గంజి గ్లాసు వైపు చూశాడు. "నువ్వు తాపుతున్నవ్ గద. మంచం కాకుంటే నువ్వే దానికి కాళ్లు."

ఏం చేయను? గ్లాసు కింద పెడితే బావ తాగడు. మూతికి కర్చీఫ్ కట్టుకుని, కిటికీ తెరిచి తాగించి, చేతులు సబ్బుతో తోముకున్నాను. (అచ్చం వైద్యుడిలా ఉన్నాననుకున్నాను. "బైకుల దొంగోని లెక్కున్నవ్ బావా" అన్నాడు బావ. జ్వరం నోటిదాకా రాలేదు.)

సూపర్‌వైజర్ అక్కకు చెబుదామని ఫోన్ తీశాడు గాని, ఎంతసేపటికీ నంబరు నొక్కలేదు. అంకెలు సరిగా కనబడడం లేదట. జ్వరం వల్లే అన్నాడు. నేనే నొక్కి స్పీకర్ పెట్టాను.

"అక్కా, ఈయనకు బాగ జ్వరం. అయినా వస్తనంటున్నడు."

"వచ్చి నా మందికంత అంటిస్తడా? పండుమను. తగ్గినంక దవాఖాన చీటీ తీస్కొని రమ్మను. ఉద్యోగం ఏడికి పోదు."

బావ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. లోపల్నుంచి ముక్కు చీదిన చప్పుడు. జలుబేనని నేనూ డాక్టరూ వెంటనే ఒప్పేసుకున్నాం.

బావ పర్మనెంట్ అయ్యాడు. తర్వాత అతన్నీ రాత్రి డ్యూటీకి మార్చడంతో, తప్పక మూడో మంచం కొన్నాం. దాంతో క్రిమి దారి మూసేశానని ఆ రోజు ఛాతీ విరుచుకున్న కుర్రాణ్ని, అప్పటి నన్ను, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఆ మంచం అడ్డం వచ్చి, మా గది తలుపు సగమే తెరుచుకునేది.