పెద్ద నర్సమ్మ ఇచ్చిన మాట

మా వృద్ధాశ్రమంలో పెద్ద నర్సమ్మకి అన్నీ వచ్చు, కాదనడం ఒక్కటే రాదు. మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

ఎవరైనా కన్నుమూస్తే, డాక్టరు చూసి వెళ్ళాక మిగిలిన పనంతా నర్సులదే. గొట్టాలు తీసి, కళ్ళు మూసి, దవడ బిగుసుకోకముందే కట్టుడు పళ్ళు పెట్టాలి. ఒళ్ళు తుడిచి, ఉతికిన బట్టలు వేయాలి. అది మాకూ వచ్చు. కానీ ఆమె మాట్లాడుతూ చేస్తుంది. "తాతగారూ, పక్కకి తిప్పుతున్నా, చెయ్యి చల్లగా ఉంది, ఏమనుకోకండి" అంటుంది, ఆయన వింటున్నట్టే. ఆ సంగతి తెలిసిన ముసలివాళ్ళు ఊరుకుంటారా? "నాకూ నువ్వే చెయ్యాలమ్మా" అని చెయ్యి పట్టుకుంటారు. ఈవిడ సరేనంటుంది. ఒకరికిచ్చిన మాట తీరేలోగా ఇంకొకరు తయారు. రెండు నెలలు సెలవు పెట్టి కూతురి దగ్గరికి పోవచ్చుగా అంటే, "ఈలోపు వాళ్ళు పోతే?" అంటుంది.

కూతురి మొదటి పురుటికి అలాగే వెళ్ళలేదు. ఆ బిడ్డ దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. "ఈసారీ రాకపోతే ఇంకెప్పుడూ రావద్దు" అని కూతురు తెగేసి చెప్పింది.

అందుకే పెద్ద నర్సమ్మ మందుల గదిలో పని అడిగి తీసుకుంది. కొత్తవాళ్ళ గదుల వైపు తొంగి చూడలేదు. మిగిలింది మంచాన పడి ఉన్న టీచరమ్మకిచ్చిన మాట ఒక్కటే.

ఒక ఉదయం టీచరమ్మ నిద్రలోనే పోయింది. మా పద్ధతి ప్రకారం పక్క మంచం వాళ్ళని హాల్లోకి పంపి తలుపు వేయాలి. ఆ మంచం మీది మామ్మగారు కొత్తగా చేరిన మనిషి. "ఇది నా గది కూడా, నేనెక్కడికి పోను?" అని కదల్లేదు. చేసేది లేక అడ్డంగా తెర లాగాం.

పెద్ద నర్సమ్మ ఆ రోజు తెర అవతలికి వినబడకూడదని నోరు బిగించుకుని పని మొదలుపెట్టింది. మొహం తుడవడం అయింది, పళ్ళు పెట్టడం అయింది. పక్కకి తిప్పబోతే టీచరమ్మ చెయ్యి మంచం కమ్మీకి తగిలింది.

"అయ్యో, టీచరమ్మా! చూసుకోలేదు తల్లీ" అనేసింది.

తెర పక్కకి జరిగింది. మామ్మగారు మా వైపే చూస్తోంది.

"నాకెవరూ లేరు. నాకూ ఇలాగే చెబుతూ చేస్తావా?"

నాకు ఒళ్ళు మండింది. "నేను చేస్తాలెండి మామ్మగారూ" అన్నాను. ఆవిడ నా వంక చూడను కూడా చూడలేదు. వద్దని నేను కళ్ళతో సైగ చేస్తూనే ఉన్నాను. పెద్ద నర్సమ్మ తల వంచుకుని "ఊఁ" అంది.

మధ్యాహ్నం మందుల గదిలో కూతురి ఫోను. పక్కనున్న నాకూ వినిపించింది.

"బయల్దేరావా అమ్మా?"

"ఇంకొకరు అడిగారే."

కూతురు మెల్లిగా అడిగింది. "ఆరోగ్యం ఎలా ఉంది ఆవిడకి?"

"గుండ్రాయిలా ఉందే తల్లీ" అంటూనే పెద్ద నర్సమ్మ బావురుమంది.

అవతల కూతురు ఫోను పెట్టేసింది.