లేని రెండేళ్ళు

ఏ ఆఫీసుకు ఇంటర్వ్యూకు వెళ్ళినా నిరంజన్ గేటు దగ్గర ఇచ్చిన విజిటర్ పాస్‌ను మెడలో వేసుకుని, 'విజిటర్' అని రాసి ఉన్న వైపును చొక్కాకేసి తిప్పేస్తాడు. అది తిరిగితే మళ్ళీ తిప్పుతాడు. నోయిడాలో పదిహేడు ఆఫీసుల్లో ఇదే పని చేశాడు.

ఊరు సూర్యాపేట. ఇంజనీరింగ్ చదివింది గ్రేటర్ నోయిడాలో. పాసై రెండేళ్ళు దాటింది. ఎంత చిన్న ఉద్యోగానికైనా అనుభవం అడుగుతున్నారు. చివరికి ఢిల్లీ లక్ష్మీనగర్‌లో ఉద్యోగాల కన్సల్టెన్సీ నడిపే సాయిప్రకాష్ దగ్గరికి వెళ్ళాడు. అతను నిరంజన్ రెజ్యూమెలో హైదరాబాద్ కంపెనీ పేరొకటి పెట్టి రెండేళ్ళ అనుభవం రాశాడు. ఒక బ్యాంకు ప్రాజెక్టు కూడా తగిలించాడు. హామీ కింద నిరంజన్ అసలు సర్టిఫికెట్లను సాయిప్రకాష్ తన బీరువాలో పెట్టుకున్నాడు.

పద్దెనిమిదో ఆఫీసులో హెల్ప్‌డెస్క్ ఉద్యోగం. బల్లకు అవతల మేనేజర్ ఉమారాణి, పక్కన హెచ్ఆర్ నుంచి నేహా.

"తెలుగా?" అంది ఉమారాణి.

నిరంజన్‌కు ప్రాణం లేచొచ్చింది. ముందుకు వంగి గొంతు తగ్గించాడు. "అవును మేడమ్. మీరు మనోళ్ళే గదా, జర చూడుండ్రి."

"మనోళ్ళా?" ఆమె కాగితాన్ని నేహా వైపు తోసింది. "ఈ బ్యాంకు ప్రాజెక్టు చేసినవాళ్ళలో ఈ వారం నువ్వు మూడోవాడివి. ఆ బ్యాంకు ఇంకా ఉందా, మునిగిందా?"

నేహాకు తెలుగు రాదు. కాగితం చూడగానే, మళ్ళీ అదేనా అన్నట్టు నవ్వింది. "ఫిర్ వహీ, మ్యామ్?"

"వహీ. నీ టీమ్ లీడ్ పేరేంటి బాబూ?"

"రవి సార్. ఇంటిపేరు గుర్తు లేదు మేడమ్."

"మొన్నటివాడూ రవే అన్నాడు. ఇంటిపేరు మాత్రం ఇద్దరికీ తెలీదు." ఆమె పెన్ను మూసింది. "పోయే ముందు ఒకటి చెప్పు. ఒకడు ప్రింట్ ఇస్తే రావట్లేదు, పక్కవాడికి వస్తోంది. ముందు ఏం చూస్తావు?"

"వాని సిస్టంల ప్రింట్ క్యూ చూస్త మేడమ్. పాతదేదో అడ్డం పడి ఉంటది. దాన్ని తీసేసి, సర్వీసు ఆపి మళ్ళ చాలు చేస్త."

"ఎవరు నేర్పారు?"

"ఎవ్వరు నేర్పలే. కాలేజీ ల్యాబ్‌ల అరవై సిస్టములు రెండేండ్లు నేనే చూసిన."

"ఇందులో ఏదీ అది?"

"కాలేజీ పని అనుభవం కాదన్నడు సాయిప్రకాష్ అన్న. తీసేసిండు."

"అబద్ధానికి చోటు కావాలిగా మరి." ఆమె లేచింది. "రేపు పదిలోపు నీ కాగితం నువ్వే రాసి పంపు. సోమవారం సర్టిఫికెట్లతో రా. ఉద్యోగం ఇచ్చేశాననుకోకు, నీ ముందు ఎనిమిది మంది ఉన్నారు. అందులోనూ అబద్ధం దొరికిందా, గేటు దాటనివ్వను."

మెట్రో స్టేషన్ నుంచి నిరంజన్ సాయిప్రకాష్‌కు ఫోన్ చేశాడు.

"నా పేరు చెప్పావా? బుద్ధుందా నీకు?" సాయిప్రకాష్ అరిచాడు. "సర్టిఫికెట్లా! నా ద్వారా ఉద్యోగమొస్తేనే ఇస్తా. లేదంటే బీరువాలోనే ఉంటాయి. ఏం చేసుకుంటావో చేసుకో భయ్యా."

మర్నాడు ఎనిమిదింటికి నిరంజన్ ఒక్క పేజీ పంపాడు. అందులో కాలేజీ ల్యాబ్ ఉంది. దాని కింద, 'తర్వాత రెండేళ్ళు ఉద్యోగం లేదు' అని ఉంది. పంపి లక్ష్మీనగర్ వెళ్ళాడు. సాయిప్రకాష్ షట్టరు ఎత్తగానే అతనికంటే ముందు లోపలికి నడిచి, బీరువాకు ఆనించి ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.