నెత్తళ్ళ మీద మోపిన నేరం

నాకు అసహ్యం ఎక్కువ. ఈ మాట ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేదాన్ని. రాజాంలో మా వీధి పొడుగునా ధాన్యం కొట్లే. కోతలయ్యాక లారీలు దించుతుంటే లేచే దుమ్మంతా గుమ్మాల్లోకి వచ్చి పడుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొండచీపురుతో ఇల్లంతా దులిపి ఊడ్చేదాన్ని. ఎదురింటి గుమ్మంలో ఎంగిలి గిన్నె కనిపిస్తే ఆ పూట నాకు ముద్ద దిగేది కాదు. ‘ఛీ, మనుషులా పశువులా’ అనుకోని రోజు లేదు.

మా అత్తది భోగాపురం అవతల సముద్రపొడ్డు. ఎండుచేపలు అమ్మేది. మాది వరి పండించే ఇల్లు. ఎచ్చెర్లలో చదువుకునే రోజుల్లో ఆవిడ కొడుకుని ఇష్టపడి చేసుకున్నాను. కొడుకు నచ్చాడు గానీ ఆ ఇంటి వాసన నచ్చలేదు. నిజం చెప్పొద్దూ, వాసన కంటే, దాన్ని మా వీధివాళ్ళు పసిగడతారన్నదే నా బాధ. ఆవిడ నెలకోసారి బస్సెక్కి సంచి నిండా నెత్తళ్ళు తెచ్చేది. వేలెడంత ఎండుచేపలు. ఉల్లిపాయలేసి వేపితే మా పాప ఇంకో కూర అడక్కుండా కంచం ఖాళీ చేసేది. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వేపేదాన్ని.

పాపకి ఆరో ఏడు నడుస్తుండగా తుమ్ములు పట్టుకున్నాయి. నిద్ర లేస్తూనే పదీ పదిహేనూ. ముక్కు ధార కట్టేది, కళ్ళు నలిపి నలిపి ఎర్రగా చేసుకునేది. మంచు రోజులొచ్చేసరికి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోయేవి. “పడిశెమేనే, సాంబ్రాణి ఎయ్యి” అంది మా అమ్మ. తలుపులన్నీ మూసి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఆ పొగలో పిల్లని కూర్చోబెట్టాను. దగ్గీ దగ్గీ నా ఒళ్ళోనే వాంతి చేసుకుంది. ఆ వాంతిలో అరగని నెత్తళ్ళ ముక్కలు కనిపించాయి. ఇంకేం, నాకు దొంగ దొరికిపోయింది.

ఆ వారమే అత్త వచ్చింది. గుమ్మంలోనే ఆపేశాను.

“అత్తా, ఆ సంచి లోపలెట్టకు. నీ కంపుకే గుంటకి ఊపిరాడ్డం లేదు.”

“నాకేటి తెలుస్తాదమ్మా! ఎండలో బాగా ఎండబెట్టినాను. ఇసకన్నది లేకండా ఏరినాను.”

“ఎండబెడితే కంపు పోతాదేటి? నీ సీరకీ అదే, నీ సేతులకీ అదే. పిల్లని ముట్టుకోకు.”

పాప అప్పటికే లోపల్నించి పరిగెత్తుకొస్తోంది. ఆవిడ చాచిన చేతులు వెనక్కి తీసుకుని కొంగులో దాచుకుంది. “అలాగేనమ్మా” అని, గుక్కెడు మంచినీళ్ళైనా తాగకుండా బస్టాండుకి వెళ్ళిపోయింది. సంగతి తెలిసి మా ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను మాత్రం ఫినాయిల్ పోసి గుమ్మం కడుక్కున్నాను.

ఏడాది గడిచింది. ఇంట్లోకి చేప రాలేదు, అత్త రాలేదు. పిల్లికూతలు మాత్రం ఎక్కడికీ పోలేదు. మళ్ళీ మంచు రోజుల్లో ఒక తెల్లవారుజామున పాప పెదాలు నీలంగా మారాయి. మాట రావడం లేదు, నా చెయ్యి పట్టుకుని గుడ్లప్పగించి చూస్తోంది. ఆస్పత్రికి పట్టుకుపోయి, మూతికి మాస్కు తగిలించి మందు పీల్పించాక గానీ మనిషి కాలేదు. పోతుందేమో అనుకున్నాను. అక్కడివాళ్ళే శ్రీకాకుళంలో ఒక అలర్జీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమన్నారు.

ఆవిడ పాప ముంజేతి మీద వరసగా మందు చుక్కలు వేసింది. ఒక్కో చుక్క దగ్గర సూదితో చిన్నగా గుచ్చింది. ఏది పడకపోతే అక్కడ ఉబ్బుతుందని చెప్పి, కాసేపు ఆగమంది. నేను చేప చుక్కనే చూస్తూ కూర్చున్నాను. అది ఉబ్బాలని కోరుకున్నాను. అవును, నా మాట నెగ్గడం కోసం కన్నబిడ్డ చెయ్యి ఉబ్బాలని కోరుకున్నాను.

చేప దగ్గర దోమకాటంతైనా లేవలేదు. దాని పక్కది శనగగింజంత ఉబ్బింది.

“ఇదేటండి?”

“పరుపుల్లో ఉండే పురుగులమ్మా. కంటికి కనపడవు. మన ఒంటి నుంచి రాలే పొట్టు తిని బతుకుతాయి. వాటి పెంట పీల్చడం వల్లే ఇదంతా. పొద్దున లేవగానే తుమ్ములంటే ముందు పక్క చూడాలి. పాప దేని మీద పడుకుంటుంది?”

బొంత మీద. పాప పుట్టినప్పుడు మా నాన్నమ్మ పాత చీరలూ తన చీరలూ పదకొండు పొరలు పేర్చి మా అమ్మ కుట్టింది. పురిటి బొంత తడిపితే పిల్ల ఒంటికి చలవ చేస్తుందని మా ఇంట్లో నమ్మకం. ఎండలో ఆరేయడమే తప్ప నీళ్ళు తగలనివ్వం. బూరుగుదూది దిండూ అంతే, తడిస్తే ఉండ కడుతుందని.

“ఉతికి ఎన్నాళ్ళయింది?”

“పుట్టినప్పట్నించీ ఉతకలేదండి.”

“ఏడేళ్ళూ?”

తల ఊపాను. డాక్టరమ్మ ముక్కు కొద్దిగా ముడిచింది. గురివింద గింజ తన నలుపెరగదంటారు చూడండి, ఆ గింజని నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

తర్వాత తలంటు మొదలుపెట్టింది. పొడిచీపురుతో దుమ్ము లేపి పిల్ల ముక్కులో పోస్తున్నారంది, తడిగుడ్డతో తుడవమంది. సాంబ్రాణి, దోమల చుట్ట మానేయమంది. పక్కబట్టలు వారానికోసారి సలసల కాగే నీళ్ళలో ఉతకాలి, దిండుకీ పరుపుకీ జిప్పు తొడుగులు వెయ్యాలి. ధాన్యం దుమ్ము లేచే రోజుల్లో కిటికీలు మూసెయ్యాలి. తగ్గింది కదా అని పీల్చే మందు సొంతంగా మానకూడదు.

“మరి చేపలు?” అన్నాను.

“హాయిగా పెట్టండి.”

ఇంటికొచ్చి బ్లేడుతో బొంత కుట్లు విప్పాను. థూ! పొరల మధ్య బూడిదలాంటి పొడి. ఇద్దరు ఆడవాళ్ళ చెమట, పిల్ల ఉచ్చ, పాలు కక్కిన చారలు, అన్నీ కలిసి ముక్కిపోయిన కంపు. రోజూ ముద్దు పెట్టి మరీ దీంట్లో పడుకోబెట్టాను కదా నా పిల్లని! పెరట్లో వేసి కాల్చేశాను. మా అమ్మ ఫోన్లో ఏడ్చింది. ఏడవనీ అనుకున్నాను.

నెల తిరిగేసరికి పిల్లికూతలు తగ్గాయి. తుమ్ములు కోతల రోజుల్లో ఇప్పటికీ వస్తాయి, మందు ఇప్పటికీ పీలుస్తుంది. కానీ పొద్దున్నే ఊపిరి అందక నా చెయ్యి పట్టుకోవడం లేదు. అప్పుడు అత్తకి ఫోన్ చేశాను. “తప్పు నాదే అత్తా. సేపలది కాదు, నీది కాదు. ఒక్కసారి రా” అన్నాను. “గుంటకి బాగున్నాదా?” అని మాత్రం అడిగింది.

ఆదివారం వచ్చింది. చేతిలో సంచి లేదు. మడత విప్పిన కొత్త చీర, ఇంకా తడారని జుట్టు. “నానమ్మా” అంటూ పాప అత్త మీదికి దూకబోయింది. ఆవిడ గబుక్కున రెండడుగులు వెనక్కి వేసి, రెండు చేతులూ నా ముక్కు ముందు పెట్టింది. తోమీ తోమీ వేళ్ళ కణుపుల దగ్గర తోలు లేచిపోయి ఉంది.

“మూడు మాట్లు సబ్బెట్టినాను. ఓపాలి వాసన సూసి సెప్పమ్మా. నువ్వు ముట్టుకోమంటేనే ముట్టుకుంటాను.”