కళ్లకద్దుకున్న నోట్లు

ఎల్లేశం నానక్‌రామ్‌గూడ వాడు. ఊరి పొలాల్లో అద్దాల మేడలు లేచాక, వాటి నడుమనున్న మా కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో అటెండరుగా చేరాడు. తనదైనా, పరాయిదైనా, డబ్బు చేతికొస్తే కళ్లకద్దుకోకుండా ఉండలేడు. టీ తెమ్మని నోటిచ్చినా అంతే. "లచ్చిమి గద సార్" అనేవాడు. మేం నవ్వేవాళ్లం.

మా పై అధికారి ఉదయ్ భాస్కర్ మహా జాగ్రత్తపరుడు. లంచాన్ని చేత్తో ముట్టడు. ఆ రోజు కాంట్రాక్టరు నోట్లు తీయగానే, నోరు విప్పకుండా గుమ్మంలో ఉన్న ఎల్లేశం వైపు గడ్డం ఎగరేశాడు. ఎల్లేశం నోట్లు అందుకుని, అలవాటుగా కళ్లకద్దుకుని, సారు బల్ల వైపు కదిలాడు. అంతలో అవినీతి నిరోధక సంస్థ వాళ్లు లోపలికొచ్చారు. కాంట్రాక్టరు ముందే ఫిర్యాదు చేశాడట. నోట్లకు పొడి పూసి పంపారు. సోడా కలిపిన గ్లాసు నీళ్లలో ఎల్లేశం చేతులు ముంచితే నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. ఏడుపొచ్చి ఆ తడి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు. రెప్పలకూ అదే రంగు.

"ఎవరి కోసం తీసుకున్నావు?" అని అడిగింది ఇన్‌స్పెక్టర్ కళ్యాణి.

"సార్ కోసమే మేడమ్. నేను టేబుల్ మీద పెట్టెటోన్ని, గంతే."

"నాకేం తెలియదండీ," అన్నాడు ఉదయ్ భాస్కర్. "ఆ రెప్పలు చూడండి, ఎంత సంబరంగా కళ్లకద్దుకున్నాడో!"

కళ్యాణి వచ్చింది సారు కోసమే. కానీ గడ్డం ఎగరేస్తే, కాంట్రాక్టరు జేబులో పెట్టి పంపిన రికార్డింగులో ఏం వినబడుతుంది? కోర్టులో సారు వకీలుది ఒకటే పాట: "పరాయి సొమ్మును ఎవరైనా కళ్లకద్దుకుంటారా?" ఒళ్లు మండి, టీ డబ్బుల సంగతి నేనే బోనెక్కి చెప్పాను. అందరూ నవ్వారు. ఎల్లేశానికి జైలు, సారుకు బదిలీ.

విడుదలయ్యాక చూడ్డానికి వెళ్లాను. అతని భార్య సత్తెమ్మ ఓ కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది. ఆ రోజే తెచ్చిన జీతం మొగుడి చేతిలో పెట్టింది. అతను వేళ్ల చివర్లతో పట్టుకుని గబుక్కున దేవుని గూట్లో పెట్టేశాడు.

"గిది మన కష్టమయ్య. కండ్లకద్దుకో."

"అప్పుడు గది సార్‌దంటె ఎవ్వలు నమ్మలే. గిప్పుడు గిది మనదంటె ఎవ్వలు నమ్ముతరే?"

సత్తెమ్మ గూట్లో నోట్లు తీసి తనే అతని కళ్లకద్దింది. ఎల్లేశం ఉలిక్కిపడి కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. కళ్లు కడుక్కుని, దోసిట్లో మిగిలిన నీళ్లు వెలుతురుకు పట్టి రంగు చూసుకున్నాడు.