చున్నీ కొస

డిగ్రీ పూర్తిచేసి పోచంపల్లిలో ఇంటి దగ్గరే ఉన్న రోజులవి. బేస్ గిటార్లు సొంతంగా తయారుచేసే పిచ్చి నాది. లోపల గదిలో అమ్మ మగ్గం నేస్తుంటే, వరండాలో నేను చెక్కలు కోసుకునేదాన్ని.

ఆ మధ్యాహ్నం గిటార్ తల భాగానికి, తీగలు బిగించే కీల కోసం రంధ్రాలు వేస్తున్నాను. వేలు నొప్పిపుట్టి, వదిలినా ఆగకుండా డ్రిల్ మీటను లాక్ చేశాను. అలా వంగానో లేదో, మెడలోని చున్నీ కొస తిరుగుతున్న డ్రిల్ మొనకు చుట్టుకుంది. అమ్మ నేసిన పట్టు చున్నీ, తెగితే కదా! గిర్రున తిరిగే డ్రిల్ చున్నీని చుట్టుకుంటూ నా గొంతు మీదికే వస్తోంది. రెండు చేతులా నెడుతున్నా ఆగదు. అరవబోతే గొంతు పెగల్లేదు. లోపల మగ్గం మాత్రం టకటకా ఆడుతూనే ఉంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

ఉన్నట్టుండి మగ్గం ఆగింది. అమ్మ ఉరికివచ్చి ప్లగ్గు పీకేసింది.

"మిషన్ సప్పుడు మారిందేందని లేచిన బిడ్డా" అంది.

చున్నీని కత్తిరించి నన్ను విడిపించింది. మర్నాడు మిగిలిన ముక్కతో ఆ గిటార్‌కే పట్టీ కుట్టి ఇచ్చింది. "గిది మెడకు గాదు, భుజానికి."

ఇప్పటికీ అది తగిలించుకునే ముందు గొంతు తడుముకుంటాను.